నాసి విత్తనము – రైతునకు గల హక్కు



అల్లూరు ప్రాంతమున మీరు విత్తనము కొని, నారు పోసి, నాటి, ఎరువు వేసి, కలుపు తీసిన పిదప, వెన్ను తీయునప్పుడు చేనిలో సగము కేళీలే కనిపించినచో, పోవునది విత్తనపు ఖరీదు మాత్రమే కాదు. ఆ కారు పెట్టుబడి, కష్టము రెండును పోవును. ఆ నష్టమును రాబట్టుకొను మార్గము కలదు.

1966 నాటి విత్తనముల చట్టము నాసి విత్తనము అమ్మినవారిని శిక్షించుటకు ఏర్పడినది. అందు మొదటి తప్పునకు పెట్టిన జరిమానా 500 రూపాయల వరకే. రైతునకు పరిహార మిప్పించు ఏర్పాటు అందు లేదు. ఆ లోటును వినియోగదారుల రక్షణ చట్టము తీర్చుచున్నది.

కర్నూలు, మహబూబునగరము మొదలగు జిల్లాల రైతులు జాతీయ విత్తన సంస్థపై తెచ్చిన వ్యాజ్యములలో సుప్రీంకోర్టు 2012 జనవరి 16న తీర్పు చెప్పినది. రైతు వినియోగదారుడు కాడనియు, విత్తనముల చట్ట ముండగా ఫోరమునకు అధికారము లేదనియు, విత్తనమును ప్రయోగశాలలో పరీక్షింపలేదనియు సంస్థ వాదించినది. కోర్టు ఈ వాదముల నంగీకరింపలేదు. రైతు కొన్న విత్తనమంతయు చల్లుకొనునే గాని, పరీక్షకై కొంత దాచునని ఆశింపరాదని చెప్పినది.

అయినను ఋజువు చూపవలసినది మీరే. చలి, ముంపు, నీటి ఎద్దడి వలన పైరు చెడినదని అమ్మినవారు వాదింతురు. కావున ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనుడు.

1. బిల్లు లేనిదే విత్తనము కొనవద్దు. అందు రకము, లాటు నంబరు వ్రాయించుకొనుడు.

2. సంచిని, ధ్రువీకరణ విత్తనమునకుండు నీలి చీటీని కోత ముగియువరకు భద్రపరచుడు. వీలైనచో పిడికెడు విత్తనము దాచుడు.

3. చల్లుటకు ముందు 100 గింజలను తడిగోనెలో మొలకెత్తించి చూడుడు. ధ్రువీకరించిన వరిలో 80 అయినను మొలవవలెను.

4. లోపము కనబడిన వెంటనే, పైరు చేనిలో ఉండగనే, వ్యవసాయాధికారికి వ్రాతమూలముగ తెలిపి, చేను చూపించి, నివేదిక పొందుడు. కోసిన పిదప సాక్ష్యము మిగులదు.

2019 నాటి వినియోగదారుల చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. విత్తనము ఏ ఊర కొన్నను అల్లూరు రైతు నెల్లూరులోని జిల్లా కమీషనునకు పోవచ్చును. గడువు రెండు సంవత్సరములు. చెల్లించిన ధర 5 లక్షలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలెనను నిర్బంధమును లేదు. సలహాకు 1915 నంబరునకు ఫోను చేయవచ్చును.

ఈ కారు విత్తనము కొనునప్పుడే బిల్లును, చీటీని ఒక సంచిలో వేసి ఇంటి దూలమునకు కట్టుడు.