కడుపు చిన్నదైంది, కంచం చుట్టూ మనుషులు వాళ్లే

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి అడుగుతూ వచ్చే ఉత్తరాలు పెరుగుతున్నాయి. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు మార్గదర్శకాలు మార్చి, మనలాంటి ఆసియా వాసులకు బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చని చెప్పాయి. ఆపరేషన్‌కు ముందు కుటుంబాలు అడిగేవి కోతల గురించి, ఖర్చు గురించి. తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు అన్నీ భోజనం దగ్గరివే. ఈసారి వాటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మూడు నెలల కిందట స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. 108 కిలోలు ఉండేదాన్ని, 89కి వచ్చాను. షుగర్ మాత్రలు ఆపేశారు. అంతా బాగుందనే చెప్పాలి. కానీ భోజనాల వేళయితే చాలు, దిగులు కమ్ముకొస్తుంది. ఇంట్లో అయిదుగురికి వండేది నేనే. అందరికీ వడ్డించి, చివర్లో నాలుగు చెంచాలు తిని లేస్తాను. ‘నేను చేసిన గోంగూర కూడా ముట్టుకోవడం లేదు’ అని మా అత్తయ్య నొచ్చుకుంటారు. ‘కావాలనే చేయించుకున్నావుగా’ అంటారు మావారు. మొన్న ఆదివారం బిర్యానీ దమ్ము తీస్తూ వంటింట్లో ఏడ్చేశాను. ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తోంది. నాలో ఏమైనా తేడా ఉందా డాక్టర్ గారూ?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: మీలో తేడా ఏమీ లేదమ్మా. ఈ దిగులు ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి మొదటి కొన్ని నెలల్లో వస్తుంది. బరువు చక్కగా తగ్గుతున్నా వస్తుంది. అలసట వచ్చినా, కోపం వచ్చినా, సంతోషం వచ్చినా ఇన్నేళ్లూ మీకు తోడున్నది తిండి. దగ్గరి మనిషి దూరమైతే ఏడ్చినట్టే దానికోసమూ ఏడుస్తాం. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

స్లీవ్‌లో కడుపును ముప్పావు వంతుకు పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మీకు మునుపటి ఆకలి లేదు. కానీ బిర్యానీ వాసనకు కలిగే ఆశ మనసుది. దానికి ఎవరూ ఆపరేషన్ చేయలేదు. ఆకలి లేకుండానే తినాలనిపిస్తుంది, తినబోతే పట్టదు. ఈ రెండింటి మధ్యా నలుగుతున్నారు మీరు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన మాట ‘అందరికీ వడ్డించి, చివర్లో’ అన్నది. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆఖరున తింటారు. వంట చేసి అలసిపోయి, చల్లారినదాన్ని, గిన్నెలు సర్దే తొందరలో, ఒక్కోసారి నిలబడే. మామూలు కడుపు దాన్ని భరిస్తుంది. చిన్నదైన కడుపు భరించదు. మీ భోజనానికి కనీసం 20 నిమిషాల నుంచి అరగంట కావాలి. చిన్న చెంచాతో కొంచెం కొంచెం తీసుకుని, ప్రతి ముద్దనూ మెత్తగా నమిలి, మధ్యలో ఆగుతూ తినాలి. హడావుడిగా తింటే గుండెల మీద బిగపట్టినట్టుండి కక్కుకోవడమే అవుతుంది. కాబట్టి ఈ రోజు నుంచి మీరు అందరితోపాటే కూర్చోండి. గిన్నెలన్నీ మధ్యలో పెట్టండి, ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకుంటారు. ఇది నేను మర్యాద కోసం ఇస్తున్న సలహా కాదు, మందుల చీటీ మీద రాసి ఇచ్చే మాటే అనుకోండి. ఇంట్లో ఎవరైనా అభ్యంతరం చెబితే ఈ పేజీ చూపించండి.

మీకోసం వేరే వంట చేసుకోవద్దు. వేరే గిన్నె పెట్టిన రోజునుంచే మనిషి ఆ ఇంట్లో రోగి అయిపోతుంది. ఇంట్లో వండినదానిలోంచే మీ వాటా తీసుకోండి. చిన్న టిఫిన్ ప్లేటులో ముందు గుడ్డు, చేప, చికెన్, పప్పు, పనీర్‌లలో ఏదో ఒకటి. ఆ తర్వాత కూర. చోటుంటే ఆఖరున రెండు చెంచాల అన్నం. అన్నంతో మొదలుపెడితే మాంసకృత్తులకు చోటుండదు. మీకు రోజుకు 60 గ్రాములకు తక్కువ కాకుండా మాంసకృత్తులు అందాలి. లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది.

అత్తయ్యగారి గోంగూర సంగతి. మూడు నెలలు దాటాక మెత్తగా ఉడికిన గోంగూర మాంసంలోంచి రెండు చిన్న ముక్కలు, కాస్త గుజ్జు మీరు తినవచ్చు. కారం, నూనె తగ్గించమనండి. తిని, ‘చాలా బాగుంది అత్తయ్యా, ఇప్పటికి ఇంతే పడుతుంది, రేపటికి కొంచెం దాచండి’ అనండి. కొసరి కొసరి వడ్డించడం ఆవిడకు తెలిసిన ఆప్యాయత. మీరు వద్దన్న ప్రతిసారీ ఆవిడకు వినిపిస్తున్నది ‘మీరు వద్దు’ అని. దాచమన్న మాటతో ఆ బాధ చాలావరకు పోతుంది.

మీవారికి ఒక మాట. ఊబకాయం తిండిపోతుతనం వల్ల వచ్చేది కాదు. వంశపారంపర్యం, హార్మోన్లు, మెదడులోని ఆకలి కేంద్రాలు అన్నీ కలిసి తెచ్చే జబ్బు. మీ భార్య దానికి వైద్యం చేయించుకున్నారు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు నొప్పితో మూలిగితే ‘కావాలనే చేయించుకున్నావుగా’ అంటామా? తర్వాతి పరీక్షకు ఆమెతోపాటు మీరూ రండి.

ఒక్క హెచ్చరిక. దిగులు రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉన్నా, నిద్ర చెడినా, దేనిమీదా మనసు నిలవకపోయినా, బతకడం దండగ అనిపించినా అది ‘సర్దుకోవడం’ కిందికి రాదు. ఆపరేషన్ తర్వాత కొందరిలో డిప్రెషన్, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు పెరుగుతాయని పరిశోధనల్లో తేలింది. మానసిక వైద్యులను కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా, తెలుగులో, ఉచితంగా మాట్లాడవచ్చు. ముందునుంచే డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లకు ఆపరేషన్ తర్వాత కొన్ని మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, ముఖ్యంగా నెమ్మదిగా కరిగే రకాలు. సొంతంగా ఆపేయకుండా డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 28 ఏళ్లు. గ్యాస్ట్రిక్ బైపాస్ అయి ఆరు వారాలైంది. పిడికెడు కూడా తినడం లేదు. అన్నం ముద్ద నోట పెడితే నురగలా కక్కుకుంటున్నాడు. తల్లి మనసు ఆగక, వాడికి చెప్పకుండా రాగిజావలో బెల్లం, నెయ్యి దండిగా కలిపి ఇచ్చాను. అరగంటలో చెమటలు పట్టి, గుండె దడదడలాడి పడుకుండిపోయాడు. భయమేసింది. వాడు ఇలా ఎండిపోవాల్సిందేనా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఎండిపోవడం లేదమ్మా. ఇన్నాళ్లూ ఒంట్లో నిలవ ఉన్న కొవ్వును శరీరం ఇప్పుడు ఖర్చు పెట్టుకుంటోంది. బైపాస్‌లో పైన మిగిల్చే సంచి దాదాపు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలంత. దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. కొన్ని నెలల్లో కొంచెం సాగుతుంది కానీ ఇప్పుడు పిడికెడు ఎక్కువే.

బెల్లం జావ తాగాక జరిగినదాన్ని డంపింగ్ అంటారు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే పేగు చుట్టూ ఉన్న నీటిని లోపలికి లాక్కుంటుంది. కడుపులో మెలిపెట్టడం, దడ, చెమటలు, విరేచనం వస్తాయి. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి కూడా. ఇకపై చక్కెర, బెల్లం, తేనె, పళ్లరసాలు ఇవ్వకండి. చెప్పకుండా అసలే ఇవ్వకండి. తన పళ్లెంలో ఏముందో తెలియకపోతే బిడ్డకు మీ చేతి వంటంటేనే భయం పట్టుకుంటుంది. ఆ భయం పోగొట్టడం చాలా కష్టం.

అన్నం, బ్రెడ్డు, పొడి చపాతీ ముద్దగా అతుక్కుని, సంచి నుంచి పేగులోకి దిగే దారిలో ఇరుక్కుంటాయి. నురగ అందుకే వస్తుంది. అన్నం కొన్నాళ్లు పక్కన పెట్టండి. బాగా ఉడికించి మెదిపిన పప్పు, మెత్తటి గుడ్డు పొరటు, ముళ్లు తీసిన చేప ముక్క, బట్టలో వడకట్టిన గట్టి పెరుగు, చిదిమిన పనీర్ పెట్టండి. గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, చిన్న కప్పు పప్పులో అయిదారు, 100 గ్రాముల చేపలో 20 దాకా. రోజుకు 60 నుంచి 80 గ్రాములు తిండితోనే అందించడం ఈ దశలో కష్టం కనుక, డాక్టరు రాసిన ప్రొటీన్ పొడి పాలలో కలిపి ఇవ్వండి. భోజనంతోపాటు నీళ్లు వద్దు. తిన్న అరగంట తర్వాత మొదలుపెట్టి, రోజంతా గుక్కెడు గుక్కెడుగా లీటరున్నర దాకా తాగాలి. నెయ్యి అరచెంచాకు మించకూడదు.

అసలు జాగ్రత్త ఇక్కడ. అన్నం మానేశాక కూడా వాంతులు ఆగకపోయినా, ద్రవాలు సైతం నిలవకపోయినా వెంటనే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి తీసుకువెళ్లండి. నెలా రెండు నెలల మధ్య కుట్టు దగ్గర దారి ఇరుకైపోవడం కొందరిలో జరుగుతుంది, ఎండోస్కోపీతో దాన్ని వెడల్పు చేస్తారు. వాంతులు కొనసాగితే ఒంట్లో బి1 విటమిన్ త్వరగా అడుగంటుతుంది. కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, వస్తువులు రెండుగా కనబడటం, మాటలో తికమక దాని గుర్తులు. ఆలస్యమైతే మెదడుకు శాశ్వతంగా నష్టం జరగవచ్చు. నీరసంగా ఉన్నాడని దగ్గర్లో ఎక్కడో గ్లూకోజ్ సీసా ఎక్కించి ఊరుకోకండి. గ్లూకోజ్ కంటే ముందు, లేదా దానితోపాటే, బి1 ఇంజెక్షన్ పడాలి. బైపాస్ అయిందని, వాంతులవుతున్నాయని ఆసుపత్రిలో అడుగుపెట్టగానే చెప్పండి.

ప్రశ్న: నా భార్య ఏడాదిలో 42 కిలోలు తగ్గింది. నాకు సంతోషమే. కానీ రాత్రి దుకాణం మూశాక ఇద్దరం బయటికెళ్లి ఏదో ఒకటి తింటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. అది పోయింది. తను కొత్త స్నేహితులతో నడకకు వెళ్తోంది. ఒక్కోసారి చిరాకు పడుతుంది. నాకు దూరమైపోతోందేమోనని అనిపిస్తోంది. ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను.
– ఒక వ్యాపారి, హైదరాబాద్

జవాబు: మీరు ఇది రాయడం చాలా మంచి పని. ఇలాంటి భయం మీ ఒక్కరిదే కాదు. స్వీడన్‌లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2018లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. ఒంటరిగా ఉన్నవాళ్లు కొత్తగా పెళ్లి చేసుకోవడం పెరిగింది. అప్పటికే జంటగా ఉన్నవాళ్లు విడిపోవడమూ కొంత పెరిగింది. ఇది మీకు జరుగుతుందని చెప్పడం లేదు. ఒంటితోపాటు సంబంధాలూ కదులుతాయి, వాటినీ పట్టించుకోవాలి అంటున్నాను.

మీరు పోగొట్టుకున్నది ఆ మిర్చి బజ్జీలో, దోసెలో కాదు, రాత్రి పది తర్వాత ఇద్దరికే మిగిలే ఆ గంట. ఆ గంట తిరిగి అడగండి. దుకాణం మూశాక ఇద్దరూ కలిసి నడవండి, మీ నడక వేగం ఆమెకు తగ్గట్టు లేకపోతే ఆమెనే ఆగమనండి. తినే చోటికే వెళ్లాలనిపిస్తే వెళ్లండి. ఒక ఇడ్లీ తెప్పించుకుని ఆమె సగం తింటుంది. ‘నువ్వు తినకపోతే నేనూ తినను’ అని మాత్రం పంతం పట్టకండి. అది ఆమె నెత్తిన నేరం మోపినట్టవుతుంది.

ఆమె చిరాకుకు కారణాలుండవచ్చు. అద్దంలో ఇంకా పాత మనిషే కనబడటం చాలామంది చెప్పే మాట. పొట్ట, చేతుల దగ్గర వేలాడే చర్మం గురించి భర్తతో చెప్పలేక ముడుచుకుపోతారు. బంధువులు ‘ఇలా అయిపోయావేంటి, ఏదైనా జబ్బా?’ అని అడిగి ఏడిపిస్తారు. ఐరన్, బి12 తగ్గినా నీరసం, విసుగు వస్తాయి కనుక ఏడాది పరీక్షలు చేయించారో లేదో చూడండి. వీటి గురించి మీరే ముందుగా, నిదానంగా అడగండి. మీ భయాన్ని కూడా నాకు చెప్పినట్టే ఆమెకు చెప్పండి. పిల్లల కోసం చూస్తున్నట్టయితే, ఆపరేషన్ అయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం వద్దని మా సలహా. మీకు ఆ గడువు దాదాపు తీరింది, అయినా ముందు రక్తపరీక్షలు చేయించండి.

ప్రశ్న: స్లీవ్ అయి నాలుగు నెలలు. దువ్వితే చాలు, జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది. బట్టతల వస్తుందా?
– ఒక ఉద్యోగిని, వరంగల్

జవాబు: రాదు. వేగంగా బరువు తగ్గినప్పుడు మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఇలా ఊడి, తర్వాత మళ్లీ మొలుస్తుంది. మాంసకృత్తులు, ఐరన్ సరిపోతున్నాయో లేదో చూసుకోండి. ఏడాదైనా తగ్గకపోతే పరీక్షలు అవసరం.

ప్రశ్న: బైపాస్ అయి పది నెలలు. వచ్చే నెలలో మేనకోడలి పెళ్లి. ఆపరేషన్ సంగతి బంధువులకు చెప్పలేదు. విస్తరి ముందు కూర్చుంటే బలవంతం చేస్తారు, రాత్రికి బావమరుదులు మందు పోస్తారు. ఎలా తప్పించుకోను?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. కానీ ఆ ఇంట్లో నమ్మకమున్న ఒక్కరికైనా చెప్పండి, అక్కగారికో బావగారికో. బలవంతం చేసేవాళ్లను ఆపేది వాళ్లే. మిగిలినవాళ్లకు ‘కడుపుకు చిన్న ఆపరేషన్ అయింది, డాక్టరు కొంచెం కొంచెం తినమన్నారు’ అంటే అది నిజమే, ఎవరూ ఇంకేం అడగరు. విస్తరిలో పప్పు, కూర, పెరుగు పెట్టించుకోండి. బూరె చూస్తే నోరూరుతుంది, చిటికెడు తుంచి ఆఖరున తినండి. చాలామందికి ఆ కాస్తతోనే ఆశ తీరుతుంది.

మందు విషయంలో మాత్రం ఖచ్చితంగా వద్దంటాను. బైపాస్ తర్వాత మద్యం చాలా త్వరగా రక్తంలో కలుస్తుంది. ఒకప్పటి రెండు పెగ్గుల మత్తు ఒక్కదానికే ఎక్కుతుంది, దిగడానికీ ఎక్కువసేపు పడుతుంది. తిండి ఇచ్చిన ఊరటను మద్యంలో వెతుక్కుని బానిసలైనవాళ్లు ఉన్నారు. తాగి బండి నడిపితే మునుపటికంటే పెద్ద ప్రమాదం. గ్లాసులో నిమ్మకాయ పిండిన నీళ్లు పోసుకుని కూర్చోండి, సోడా వద్దు. పెళ్లి పనులతో ఒళ్లు నొప్పులొస్తే మందుల దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొనుక్కోకండి, కుట్టు దగ్గర పుండు పడుతుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు. విటమిన్ మాత్రల డబ్బా బట్టల పెట్టెలో సర్దుకోండి. అవి మీకు జీవితాంతం వాడాల్సినవి. ఐరన్, కాల్షియం మాత్రలు రెండింటికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి.