నీట్ పోయిందని నర్సింగా?

మే నెల వచ్చిందంటే కోయంబత్తూరు పీలమేడు నుంచి, మదురై దగ్గర తిరుమంగళం వైపు ఊళ్ళ నుంచి తలిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని సలహాకు నా దగ్గరకు వస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. రెంటిలోనూ ఆ పిల్లల చెవిన పడేది ఒకటే మాట: నీట్. రెండేళ్ళు లాంగ్ టర్మ్ కోచింగ్ అయ్యాక కూడా సీటు రాకపోతే నాన్న అడుగుతాడు, "పోనీ, నర్సింగ్‌లో వేసేద్దామా సార్?" పక్కనుంచి అమ్మ, "నర్సంటే పెండ్లి సంబంధాలు రావు కదా!"

ఈ రెండు మాటలూ నాకు గిట్టవు. మిల్లులు కట్టిన మన నాయుళ్ళే కోయంబత్తూరులో ఆసుపత్రులూ నిలబెట్టారు. జి. కుప్పుస్వామి నాయుడు స్మారక ఆసుపత్రి 1952 నాటిది. ఆసుపత్రి కట్టించడం గౌరవమైనప్పుడు, అందులో రాత్రంతా మేలుకుని రోగిని కాచుకునే పని చిన్నతనం ఎట్లా అవుతుంది?

మదురై అరవింద్ కంటి ఆసుపత్రినే చూడండి. వడమలాపురం తెలుగింటి బిడ్డ డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. అది అంత పెద్దదవడానికి వెన్నెముక పల్లెటూరి అమ్మాయిలు. ప్లస్ టూ అయినవాళ్ళను ఎంచుకుంటారు. మార్కులతో పాటు స్వభావం చూస్తారు, ఇంటివాళ్ళతోనూ మాట్లాడతారు. రెండేళ్ళ శిక్షణకు ఫీజు లేదు, పైగా స్టైపెండ్, ఉండడానికి హాస్టల్. ఆ శిక్షణను తీర్చిదిద్దింది వెంకటస్వామి చెల్లెలు డాక్టర్ నాచ్చియార్. సర్జన్ ఒక కన్ను ముగించేలోపు పక్క బల్ల మీద రెండో రోగిని సిద్ధం చేసి ఉంచేది ఈ పిల్లలే. ఎవరిని తీసుకోవాలో, తీసుకున్నాక ఎట్లా చూసుకోవాలో తెలిసిన చోటు అది. ఒక్క హెచ్చరిక: ఇది కంటి వైద్య సహాయకుల శిక్షణ. దీనితో నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. చేరేముందే ఈ తేడా తెలుసుకోండి.

రిజిస్టర్డ్ నర్సు కావాలంటే నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ లేదా మూడేళ్ళ జీఎన్ఎం డిప్లొమా చదవాలి. బీఎస్సీకి ప్లస్ టూలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు ఉండాలి.

ఇంటికి దగ్గరున్న ప్రభుత్వ కాలేజీయే నా మొదటి సలహా. మదురై మెడికల్ కాలేజీకి అనుబంధంగా నర్సింగ్ కాలేజీ ఉంది. అరుంధతీయ కుటుంబాల పిల్లలకు 2009 నుంచి 3 శాతం అంతర్గత రిజర్వేషన్ ఉంది. కుల సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. ప్రైవేటు కాలేజీ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, పిల్లల్ని క్లినికల్ శిక్షణకు ఏ ఆసుపత్రికి పంపుతారు అని అడగండి. పేరుకే ఆసుపత్రి ఉన్న కాలేజీకి లక్షలు పోయకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకండి.

ఇప్పుడు కొత్త మోజు జర్మనీ. "చదువైతే చాలు, వీసా మాది" అనే ఏజెంటుకు ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు కట్టినవాళ్ళు నా దగ్గరకు వచ్చి ఏడ్చారు. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్ భాషలో బీ2 స్థాయి ఉండాలి. అది మూడు నెలల్లో రాదు. వెళ్ళాలనే ఉంటే తమిళనాడు ప్రభుత్వ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ ఉంది, ముందు అక్కడ అడగండి.

ఇక్కడే ఉంటే అంతా సుఖమనీ చెప్పను. 2015లో తమిళనాడు ప్రభుత్వ వైద్య నియామక బోర్డు (ఎంఆర్‌బీ) పరీక్ష నెగ్గిన నర్సులకు ఇచ్చింది నెలకు 7,700 రూపాయల కన్సాలిడేటెడ్ జీతం. పర్మనెంట్ చేయమని 2017 నవంబరులో వాళ్ళు చెన్నైలో ధర్నాకు కూర్చున్నారు. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ 2016లో, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రి కూడా నర్సుకు 20,000కు తగ్గకుండా ఇవ్వాలని సిఫార్సు చేసింది. చేరబోయే చోట ఆ అంకె చెప్పి బేరమాడండి. నర్సులు లేరని వాపోయే యాజమాన్యాలు, ఉన్నవాళ్ళు ఎందుకు మానేస్తున్నారో ముందు చూసుకోవాలి.

కాబట్టి అమ్మాయీ, అడగవలసింది నిన్ను. జబ్బుమనిషి పక్కన కూర్చోగలవా? రక్తం, వాంతి చూసి తట్టుకోగలవా? లేదంటే నాన్నకు ఇప్పుడే చెప్పు, నేనూ నీ పక్కన ఉంటాను. ఔనంటే, ఫారం నింపేముందు ఆ కాలేజీ ఆసుపత్రికి రాత్రి డ్యూటీ మారే వేళకు వెళ్ళు. ఇంటికి బయల్దేరిన నర్సక్కను ఆపి మూడు సంగతులు అడుగు: ఇక్కడ ఎన్నేళ్ళుగా ఉన్నావు? రాత్రిపూట నీ ఒక్కదానికి ఎన్ని మంచాలు? నీతో చేరినవాళ్ళు ఎంతమంది మిగిలారు?