ఐగుప్తు ఎద్దుల సమాధులు
(పాఠ్యభాగము: నిర్గమకాండము 32, యిర్మీయా 46)

అహరోను బంగారు పోగులను కరగించినప్పుడు దూడనే ఎందుకు చేసెను? సింహమునో గద్దనో చేయవచ్చును గదా. ఇది కనానీయుల ఎద్దు రూపమని కొందరు పండితులందురు. మాకైతే ఐగుప్తు వైపు చూచుటయే సమంజసమని తోచుచున్నది.

పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లు మన తెలుగు బృందములు కైరోలో ఆగుట వాడుక. అక్కడికి దక్షిణమున సక్కారా అను ఇసుక మెట్ట కలదు. దాని క్రింద తొలిచిన సొరంగములలో ఆపిస్ అను ఎద్దులను పాతిపెట్టిరి. ఆపిస్ ఒక కాలమున ఒక్కటే యుండును. నల్లని దేహము, నొసట తెల్ల మచ్చ మొదలగు గురుతులు చూచి దానిని ఎన్నుకొనెడివారు. అది మెంఫిసు పట్టణపు గుడిలో పెరిగెడిది. మన బైబిలులో నొపు అనునది ఆ పట్టణమే. అది చచ్చినప్పుడు దేశమంతయు దుఃఖించెడిది.

మారియెట్ అను ఫ్రెంచివాడు 1850లో ప్రాచీన వ్రాతప్రతులు కొనుటకై వచ్చి, ఇసుకలో ఒక రాతి శిరస్సు చూచి త్రవ్వించి, 1851 నవంబరులో ఈ సొరంగములలో ప్రవేశించెను. మరమ్మతుల పిమ్మట 2012లో యాత్రికులకు వాటిని తిరిగి తెరచిరి. మేము దిగినప్పుడు లోపల గాలి ఆడలేదు, మిక్కిలి ఉక్క. రెండు ప్రక్కల గదులలో ఇరువదికి పైగా రాతి పెట్టెలున్నవి. ఒక్కొక్కటి అరువది టన్నులు, అంతకు పైగా తూగునట. పిడుగురాళ్ల, మాచర్ల రాతి పనివారికి ఆ మాట అర్థమగును. పది టన్నుల లారీలు ఆరు కావలెను. మన ఒంగోలు గిత్త ఎంత బలిసినను అర టన్నుకు కొంచెమే పైన! మారియెట్ నాటికే దొంగలు మూతలు జరిపి వాటిని దోచుకొని పోయిరి.

ఈ పెద్ద సొరంగము మోషే చూచినది కాదు. ఎద్దులను అక్కడ పాతిపెట్టుట క్రీ.పూ. 14వ శతాబ్దమునుండియే కలదు గాని, ఈ సొరంగము క్రీ.పూ. 7వ శతాబ్దపు ఫరో మొదటి సామెతికుస్ నాడు ఆరంభమైనది. అది యిర్మీయా బాల్యయౌవనముల కాలము. ఇప్పుడు యిర్మీయా 46:15 చూడుడి. మన తెలుగు బైబిలులో అక్కడ బలవంతుల పతనమును గూర్చిన ప్రశ్న యున్నది. హెబ్రీలో ఆ మాట ఎద్దుకును చెల్లును. ప్రాచీన గ్రీకు తర్జుమాలో ఆపిస్ ఎందుకు పారిపోయెనని స్పష్టముగా వ్రాయబడియున్నది. నొపు పేరు దానికి ముందు వచనములోనే కలదు.

ఎద్దులే గాక కుక్కలు, గద్దలు, కొంగ జాతి పక్షులకును అక్కడ సొరంగములున్నవి. కుక్కల సొరంగములో సుమారు ఎనుబది లక్షల జంతువులుండెనని 2015లో పరిశోధకులు అంచనా వేసిరి. వాటిలో అనేకము పుట్టి కొన్ని గంటలో దినములో అయిన పిల్లలు. మొక్కుబడి కొరకు వాటిని పెంచి చంపిరి. అదే యేడు ఇంగ్లాండులోని మాంచెస్టరులో ఎనిమిది వందలకు పైగా జంతు మూటలను ఎక్సురే తీయగా మూడవ వంతులో జంతువు యొక్క ఎముకయే లేదు. మన్ను, కట్టెపుల్లలు మాత్రమే. యాత్రికుడు ఏమి తలంచి కానుక చెల్లించెనో!

ఇట్లనుచు పొరుగువారిని వెక్కిరింపరాదు. దుక్కిటెద్దు చచ్చిన దినమున పసుపు కుంకుమ పెట్టి పొలము గట్టున పాతిపెట్టు రైతు ఏడ్పు నిజమైన ఏడ్పే. మనకు వేరొక జ్ఞాపకము కూడ కలదు. పల్నాటి సంఘములలో అనేకుల తాతలు చచ్చిన గొడ్డును ఈడ్చి తోలు ఒలిచినవారు. బ్రదికిన పశువును తాకనిచ్చినవారు మనిషిని తాకనీయలేదు. కావున సక్కారాలో పెట్టెల మీద చెక్కిన రాజుల పేర్లకంటె, వాటిని ఈడ్చినదెవరను ప్రశ్నయే మాకు ముందుగా తోచెను.

రామెసెసు కాలపు ఒక గదిని దొంగలు తాకలేదు. మారియెట్ 1852లో దానిని తెరచినప్పుడు, మూడు వేల యేండ్ల క్రిందట కడపటి పనివాడు బయటికి వచ్చుచు ఇసుకలో విడిచిన పాదముల గురుతులు ఇంకను చెరగక యుండెనని వ్రాసెను.