సగటు గీత చెప్పేది, చెప్పనిది

సూరత్‌లోని సలాబత్‌పురా బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ప్రాంతం. నేతపని కోసం తెలంగాణ నుంచి వెళ్లి సూరత్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి బజారులో ఒక్కరోజు గుడ్డ రేటు రెండు రూపాయలు పెరిగిందని అనుభవమున్న వ్యాపారి గోదాము నింపుకోడు. పది రోజులుగా రేటు ఎటు నడుస్తోందో చూస్తాడు. షేరు చార్టుపై కనిపించే మూవింగ్ యావరేజ్, అంటే చలన సగటు, చేసే పని కూడా ఇదే.

లెక్క ఎలా?

ఒక షేరు ముగింపు ధరలు ఐదు రోజులపాటు 100, 102, 104, 103, 106 రూపాయలు అనుకుందాం. మొత్తం 515, సగటు 103. ఆరో రోజు ధర 110 అయితే మొదటి రోజు 100 తీసేసి 110 చేర్చాలి. మొత్తం 525, సగటు 105. రోజూ పాత ధర ఒకటి పోయి కొత్తది ఒకటి చేరుతుంది. ఈ సగటులను కలిపితే గీత వస్తుంది.

ఎక్కువగా వాడేవి 20, 50, 200 రోజుల సగటులు. తక్కువ రోజుల గీత త్వరగా మలుపు తిరుగుతుంది, తప్పుడు సంకేతాలూ ఎక్కువే ఇస్తుంది. 50 రోజుల గీత 200 రోజుల గీతను దాటి పైకి వెళితే ‘గోల్డెన్ క్రాస్’, కిందికి దిగితే ‘డెత్ క్రాస్’ అంటారు. మొదటిది పెరుగుదలకు, రెండోది తగ్గుదలకు సూచన. ధర ఒకేచోట ఊగిసలాడుతుంటే మాత్రం రెండూ నమ్మదగినవి కావు.

సత్యం నేర్పిన పాఠం

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కలు తప్పుగా చూపినట్టు బోర్డుకు లేఖ రాశారు. పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవు. ముందురోజు దాదాపు 179 రూపాయలున్న షేరు ఆ రోజు సుమారు 40 దగ్గర ముగిసింది.

లెక్క సులువు కోసం, అంతకుముందు 19 రోజులూ ధర 179 అనే అనుకుందాం. ఆనాటి 40 కలిపితే 20 రోజుల సగటు 172. చేతిలోని షేరు విలువ 40, గీత చూపేది 172! సగటు ఎప్పుడూ ధర వెనకాలే నడుస్తుంది.

నిజానికి ఆ షేరు అప్పటికే 200 రోజుల సగటుకు చాలా కింద ఉంది. ఆ నియమం పాటించినవారు ముందే బయటపడి ఉండవచ్చు. కానీ 2008 పతనంలో మంచి కంపెనీల షేర్లూ అలాగే పడ్డాయి. ఏ కంపెనీ పుస్తకాల్లో అబద్ధముందో గీత చెప్పలేదు.

మన ఇళ్లలో

పిల్లలు ఫోన్‌లో చార్టు చూపించి “గోల్డెన్ క్రాస్ వచ్చింది, కొందాం” అంటే కోప్పడవద్దు. మూడు ప్రశ్నలు అడుగుదాం. కంపెనీ లాభం నగదుగా చేతికొస్తోందా? అప్పు ఎంత? ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెట్టారా? జవాబులు నచ్చాకే గీత చూద్దాం. ఒకే షేరులో పొదుపంతా పెట్టవద్దు, అప్పు తెచ్చి అసలే కొనవద్దు.

బ్యాంకు అధికారుల ప్రవర్తనా నియమావళి సొంత డబ్బుతో పెట్టుబడిని అనుమతిస్తుంది, స్పెక్యులేషన్‌ను నిషేధిస్తుంది. ఉద్యోగం కోసమే కాదు, ఇంటి పొదుపు నిలవడానికీ ఆ గీత దాటకూడదు.