తప్పిపోయిన గేదె ఎవరిది?

గోదావరి పొంగితే లంకల్లో పశువుల పలుపులు విప్పేస్తారు. వరద తీశాక మరో ఊరి గట్టుమీద దొరికిన గేదె ఎవరిది? పూర్వం కొమ్ములు, సుడులు చూసి పోల్చుకునేవారు. ఇప్పుడు చాలా పశువుల చెవికి పసుపు పోగు, దానిపై 12 అంకెలు ఉంటున్నాయి. పశువుల ఆసుపత్రిలో ఆ నంబరు చూపిస్తే యజమాని పేరు తెలుస్తుంది. పెంపుడు కుక్కలకైతే బియ్యపు గింజంత మైక్రోచిప్ చర్మం కింద పెడతారు. అందులో బ్యాటరీ ఉండదు. కుక్క ఎక్కడుందో అది చెప్పదు. రీడరు దగ్గర పెడితే 15 అంకెలు చూపుతుంది, అంతే. యజమాని ఫోను నంబరు మార్చి నమోదు చేయించకపోతే అదీ దండగే!

మరి నెల్లాళ్ళు గడ్డి వేసినవారి మాటేమిటి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 168వ సెక్షను ప్రకారం ఖర్చు చెల్లించేదాకా పశువును తమ దగ్గర ఉంచుకోవచ్చు, దావా మాత్రం వేయలేరు. పోగు కోసేసి తమదంటే దొంగతనంతో సమానం. ఆ నెలలో గేదె ఈనితే దూడ కూడా యజమానిదే. ఇది చదివాక నాకు గడ్డి వేసినవారి మీదే జాలి కలిగింది.