ఊరటనిచ్చు కుక్క

భారతమున ధర్మరాజు, తనను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని పలికెను. అంతటి విశ్వాసముగల ఆ జంతువు ఇల్లు కాచుటయే గాక, రోగుల మనస్సునకు ఊరట కూడ కలిగింపగలదు.

న్యూయార్కు నగరమున బోరిస్ లెవిన్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండెను. ఎవరితోను కలియక ముడుచుకొనియుండు ఒక బాలుని, తల్లి ఒకనాడు అనుకొన్న వేళకు ముందే ఆయన గదికి తీసికొనివచ్చెను. ఆయన పెంపుడు కుక్క జింగిల్స్ అప్పుడు అక్కడనే యుండెను. అది బాలుని చేరి నాకగా, వాడు బెదరక దానిని దగ్గరకు తీసికొనెను. క్రమముగా ఆ కుక్క మూలమున వానికి లెవిన్సనుతోను చనువు కలిగెను. తన అనుభవములను ఆయన 1962లో వ్యాసముగా ప్రకటించెను. 1991లో జిల్ రాబిన్సన్ అను మహిళ హాంగ్‌కాంగ్‌లో పెంపుడు కుక్కలను ఆసుపత్రులకు తీసికొనిపోవు ఏర్పాటు చేసి, దానికి 'డాక్టర్ డాగ్' అని పేరు పెట్టెను.

ఇట్టి సేవకు కుక్కను సిద్ధపరచుట ఎట్లు? తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో ఒక ఇంట పెరుగుచున్న కుక్కను గూర్చి ఆలోచింతము.

మేలుజాతి కుక్కయే కావలెనని లేదు. వీథిలో పుట్టిన ఊరకుక్క పిల్లయైనను శాంతస్వభావము కలదైనచో చాలును. పుట్టిన మూడవ వారము మొదలు సుమారు మూడు నెలలవరకు అది లోకమును పరిచయము చేసికొను కాలము. అప్పుడు ముసలివారిని, చేతికర్రను, చక్రాల కుర్చీని చూచి యెరిగిన పిల్ల, పెరిగిన పిమ్మట వానికి అంతగా బెదరదు. టీకాలు పూర్తియగువరకు దానిని వీథిలో నేలపై దింపక, చంకనెత్తుకొని చూపవలెను.

తరువాత మెల్లగా సందడికి అలవాటు చేయవలెను. తెనాలి స్టేషను బయట దూరముగా నిలిచి రైలు కూత వినిపింపవచ్చును. రేపల్లె బస్సుస్టాండు రద్దీ, బాపట్ల దగ్గరి సూర్యలంక తీరమునకు వచ్చు జనము కూడ దానికి పాఠములే. బెదరినచో దూరముగా కొనిపోవలెను. నిబ్బరముగా నున్నచో ఇష్టమైన తిండి పెట్టి మెచ్చుకొనవలెను. కొట్టి నేర్పరాదు. భయమును అణచుకొన్న కుక్క ఒకనాడు హఠాత్తుగా కరవవచ్చును.

పిలిచినంతనే వచ్చుట, కూర్చుండుమన్న కూర్చుండుట, కొత్తవారిపై ఎగబడకుండుట, నేలపై పడినదానిని వదలుమన్న వదలుట దానికి రావలెను. ఆసుపత్రిలో నేలపై పడినది మందుబిళ్ల కావచ్చును గదా!

రేబిస్ టీకాను మూడు నెలల వయస్సున వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన గడువులు తప్పరాదు. గోళ్లు కత్తిరించి, స్నానము చేయించి, పిడుదులు లేకుండ చూడవలెను. పచ్చిమాంసము పెట్టరాదు, అందలి సూక్ష్మజీవులు రోగులకు హాని చేయును. ఏడాది నిండని కుక్కను ఈ పనికి పంపరాదు.

ఇక యజమాని నేర్వవలసిన పాఠము కలదు. అలసట లేకున్నను మాటిమాటికి ఆవులించుట, పెదవులు నాకుకొనుట, ముఖము త్రిప్పికొనుట, తోక ముడుచుట, ఇవి కుక్క మనస్సు కలతపడినదనుటకు గుర్తులు. వానిని చూచిన వెంటనే దానిని బయటకు తీసికొనిపోవలెను. అమెరికాలోని పెట్ పార్ట్‌నర్స్ సంస్థ, కుక్క ఒక దినమున రెండు గంటలకు మించి ఇట్టి సేవ చేయరాదని నియమము పెట్టినది.

రోగి యిష్టమును కూడ అడుగవలెను. కుక్కయన్న భయపడువారు, దాని రోమము సరిపడనివారు ఉందురు. వైద్యుల అనుమతి లేనిదే గడప దాటరాదు.

ఎంత నేర్పినను కొన్ని కుక్కలకు కొత్తవారి స్పర్శ నచ్చదు. అది వాని తప్పు కాదు; అట్టి కుక్క ఇంటివారికి ప్రియమిత్రముగా నుండిన చాలును. రోగి తన యిష్టమును నోటితో చెప్పగలడు. కుక్కకు ఆ శక్తి లేదు. కావున దాని యిష్టమును కనిపెట్టి నడచుకొను బాధ్యత, దాని మెడ త్రాడు పట్టుకొన్న మనిషిదే.