బండి పక్కకు గుంజుతోందా, బిడ్డా?

జనగామ

చి. మేనకోడలికి,

మొన్న కొన్న సెకండ్ హ్యాండ్ వ్యాగన్ఆర్ ఎడమకు గుంజుతోందని, ముందు టైరు ఒకపక్క నున్నగా అయిందని, రఘునాథపల్లికి దగ్గర్లో మంచి వీల్ అలైన్‌మెంట్ షాపు ఏదని ఫోన్‌లో అడిగావు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇవాళ మంచిగ చేసే షాపులో రేపు పనోడు మారితే పనీ మారుతుంది. పని చూసి షాపును పట్టుకోవడం నీకు వస్తే ఏ ఊరు బదిలీ అయినా ఇబ్బంది ఉండదు. ఆర్టీసీ గ్యారేజీలో టైర్ల మధ్యే ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ఫోన్‌లో చెబితే సగం మరచిపోతావు.

ముందు ఇంటి దగ్గర చూసుకోవాల్సింది కొంత ఉంది. పొద్దున బండి కదలకముందు నాలుగు టైర్లలో గాలి చూడు. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఒక పక్క గాలి తగ్గినా బండి ఆ పక్కకే గుంజుతుంది. తర్వాత అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి రుద్ది చూడు. ఒక వైపు పోతే నున్నగా జారి, తిరిగి వచ్చేటప్పుడు రంపం పళ్లలా గుచ్చుకుంటే టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, తప్పిందన్నమాట. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపారు, నడుమ అరిగితే ఎక్కువ పెట్టి నడిపారు. అక్కడక్కడ గుంటల్లా అరిగితే షాక్ అబ్జార్బర్లు చూపించాలి.

అన్ని జబ్బులకూ అలైన్‌మెంట్ మందు కాదు. వేగం 80 దాటాక స్టీరింగ్ వణికితే అది బ్యాలెన్సింగ్ పని. బ్రేక్ తొక్కినప్పుడే గుంజితే బ్రేకులు చూపించాలి. ఎప్పుడూ గుంజుతుంటే ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి నడిపి చూడు. గుంజుడు కూడా కుడికి మారితే తప్పు టైరులో ఉంది. ఒకే దిక్కుకు తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లను మాత్రం ఇట్ల మార్చకూడదు. ఇంకొక మాట, వాన నీళ్లు పోవడానికి రోడ్డును అంచు వైపు కొంచెం వాలుగా వేస్తారు. ఆ వాలుకు బండి మెల్లగా ఎడమకు జరగడం జబ్బు కాదు.

టో అంటే ఏముందిలే, రెండు మూడు మిల్లీమీటర్ల తేడాయేగా అంటారు. లెక్క వేసి చూడు. నీ బండి చక్రం అడ్డకొలత సుమారు 600 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని ముందు అంచు వెనక అంచు కంటే 3 మిల్లీమీటర్లు పక్కకు ఉంటే మిషన్ మీద అది 17 నిమిషాలని చూపిస్తుంది. డిగ్రీకి 60 నిమిషాలు. అంత చిన్న కోణానికే చక్రం కిలోమీటరుకు 5 మీటర్ల లెక్కన అడ్డంగా ఈడ్చుకుపోతుంది. నువ్వు రోజూ పోయే హనుమకొండ దాదాపు 40 కిలోమీటర్లు, అంటే ఒక్క పోకకే 200 మీటర్లు రబ్బరు రోడ్డుకు రుద్దుకుంటుంది. టైరు ఒకపక్క నున్నబడక ఏమవుతుంది?

163 నంబరు జాతీయ రహదారి మీద మాత్రమే నడిస్తే అలైన్‌మెంట్ అంత తొందరగా పోదు. ఖిలాషాపూర్ వైపు, ఇంకా లోపలి ఊళ్లకు పోయేటప్పుడు జాగ్రత్త. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, కల్వర్టు అంచులు సరే. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తుకుపోయాక కొన్నిసార్లు రాళ్లు అక్కడే ఉంటాయి. రాత్రిపూట అలాంటి రాయి ఎక్కించావంటే మర్నాడు స్టీరింగ్ నేరుగా ఉందో లేదో చూసుకో.

ఇక షాపు సంగతి. ఎవరిని అడగాలంటే, కాజీపేట స్టేషన్ బయట అద్దె కార్లు నడిపేవాళ్లను అడుగు. టైరు డబ్బులు సొంత జేబులోంచి పెట్టేవాళ్లకు ఏ షాపులో పని నిలుస్తుందో తెలుస్తుంది. ముగ్గురు నలుగురిని విడివిడిగా అడిగితే ఒకటి రెండు పేర్లే మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. మామూలు టో పనికి మన జనగామ చాలు. కింద భాగాలు మార్చాల్సి వస్తే మాత్రం హనుమకొండ, వరంగల్ పోవడం మేలు, సామాను వెంటనే దొరుకుతుంది.

షాపుకు పోయాక ఏసీ గదిలో కూర్చోకు, బండి పక్కన నిలబడు. మా కాలంలో దారం కట్టి, స్కేలు పట్టి టో చూసేవాళ్లం. ఇప్పుడు కెమెరాల మిషన్లు వచ్చాయి. పుదుచ్చేరిలో తయారయ్యే మానాటెక్ కావచ్చు, అమెరికా హంటర్ కావచ్చు, బిగించే చెయ్యి సరిగ్గా లేకపోతే ఏ మిషనైనా తప్పే చెబుతుంది. మంచి పనోడు మిషన్ ముట్టకముందే గాలి సరిచేస్తాడు. బండిని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా, ఆ పక్కా ఈ పక్కా పట్టుకుని ఊపుతాడు. టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్, బేరింగ్ లూజుగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. లూజు ఉంచి చేసిన అలైన్‌మెంట్ ఇంటికి వచ్చేదాకా కూడా నిలవదు. ఆ తర్వాత చక్రాలకు కెమెరా చూసే బోర్డులు బిగించి బండిని కొంచెం వెనక్కి, ముందుకు నెడతాడు. రిమ్ వంకరను లెక్కలోంచి తీసేయడానికే ఆ నెట్టడం. అది చేయకుండా నేరుగా రీడింగ్ తీస్తే డబ్బులు ఇవ్వకముందే అడుగు.

స్టీరింగ్‌ను నేరుగా పెట్టి కదలకుండా స్టాండుతో బిగించాడా చూడు. తర్వాత రెండు పక్కల టై రాడ్లనూ విడివిడిగా చూసి తిప్పాలి. ఒక పక్కే తిప్పి మొత్తం టో కుదిర్చేస్తే తెర మీద ఆ లెక్క పచ్చగానే ఉంటుంది, స్టీరింగ్ మాత్రం వంకరగా మిగులుతుంది. చివరికి లాక్ నట్లు రెండూ బిగించడం కూడా నీ కళ్లతో చూడు.

ఎక్కువ మోసం క్యాంబర్ పేరుతోనే జరుగుతుంది. నీ బండి లాంటి చిన్న కార్లలో మామూలుగా మార్చగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాంబర్ (చక్రం నిలువు వాలు), క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు) కంపెనీలోనే కుదిరి వస్తాయి. “క్యాంబర్ పోయింది మేడమ్, ఇంత ఎక్స్‌ట్రా అవుతుంది” అంటే, “ఏ బోల్టు తిప్పి సరిచేస్తారో చూపించండి” అను. జాకీ పెట్టి స్ట్రట్‌ను వంచుతామంటే ఒప్పుకోకు. క్యాంబర్ నిజంగానే పోయి ఉంటే ఏదో భాగం వంగిందని అర్థం. అది దొరికే వరకు వెతికి మార్చాలి. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఈ మాట నీకు మరీ అవసరం.

పని ముందు కొలతలు, పని తర్వాత కొలతలు రెండూ ఉన్న కాగితం తీసుకో. తేదీ, బండి నంబరు, కిలోమీటర్లు దాని మీద ఉండాలి. మిషన్‌లో నీ బండి మోడలే ఎంచుకున్నారా అనేది కూడా కాగితం మీదే తెలుస్తుంది. కాగితం ఇవ్వని షాపుకు మళ్లీ పోకు.

ధర ముందే అడుగు. బ్యాలెన్సింగ్‌లో వెయిట్లకు గ్రాముల లెక్కన తీసుకునే షాపులు ఉన్నాయి. రిమ్‌కు పట్టిన మట్టి కడగకుండా మిషన్ ఎక్కిస్తే గ్రాములు పెరుగుతాయి, మట్టి రాలాక మళ్లీ వణుకు వస్తుంది. నైట్రోజన్ నింపుతామంటే వద్దన్నా నష్టం లేదు. మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంటుంది. కొత్త టైరు కొనాల్సి వస్తే పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలు చదువు. 1025 అని ఉంటే 2025లో పదో వారం తయారైందని.

బయటికి వచ్చాక నేరుగా ఉన్న రోడ్డు మీద, రద్దీ లేనప్పుడు, స్టీరింగ్ తేలిగ్గా పట్టుకుని నడిపి చూడు. చేతులు మాత్రం వదలకు. వంకరగా ఉంటే ఆ రోజే తిరిగి పో. మొహం చిట్లించకుండా మళ్లీ మిషన్ ఎక్కించేవాడిదే మంచి షాపు. “ఇవాళ నీ బండికి అలైన్‌మెంట్ అక్కర్లేదు” అని ఎప్పుడైనా చెప్పి పంపాడంటే ఇక వాణ్ని వదలకు. ఆ తర్వాత 10,000 కిలోమీటర్లకు ఒకసారి చూపిస్తే చాలు, పెద్ద గుంతలో పడ్డప్పుడు మాత్రం ఆగకు.

ఆదివారం షాపుల్లో రద్దీ ఉంటుంది, సెలవు పెట్టుకునైనా పనిదినం పొద్దున్నే పో. కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, అంకెలు చూసి చెబుతా. నున్నబడ్డ ఆ టైరుతో అప్పటిదాకా వానలో హైవే ఎక్కకు, బస్సులో పోయి రా.

ఇట్లు
మీ మామ